నోట్ల లైటు

దేవరకొండ బస్టాండు ఎనక
మా నాయిన మోనాచారి పెట్టిన దుకాణంల
ఇప్పుడు తరాజు నాది.
గల్లాకు మొక్కి ఇంకా కుర్చీల కూసోనేలే,
ఈదమ్మ వచ్చింది.
నిలబడే కొంగు ముడి ఇప్పింది.

బాయిల తోటా పేల్చినంక
ఎత్తిపోసిన చెక్కలల్ల దొరికిందట.
రేగుపండంత ముక్క. గులాబీ రంగు.
"కెంపేనా బిడ్డా?"

రాయిని అడిగే పద్ధతి ఒకటుంటదని నాయిన చెప్పేటోడు.
ముందుగాల ఉత్తరం కిటికీ కాడికి తీస్కపోవాలె.
నడిపొద్దు ఎండ అబద్ధమాడుతది,
దుకాణంల బల్బు అంతకంటే పెద్ద అబద్ధం.
తెల్ల కాయితం మీద పెట్టి
ఊపిరి పట్టి చూడాలె.

గులాబీ అంటే ఏంది?
ఓడిపోయిన ఎరుపా,
సిగ్గుపడ్డ తెలుపా?
బేరగాళ్ళ లెక్క ఆడనే మొదలైతది.
ఒక్క చుక్క ఎరుపెక్కితే కెంపు, ధర కొండెక్కుతది.
ఒక్క చుక్క తగ్గితే అదే రాయికి పేరు మారుస్తరు,
నీలాల జాతిల కలిపి పక్కకు జరుపుతరు.
గీత ఏడున్నదో
గీసినోళ్ళకే తెల్వదు.

బంగారానికి న్యాయముంటది,
రెండు తులాలకు రెండింతలు.
రాయికి అది లేదు.
రత్తి పెరిగినకొద్ది ధర నడువదు, దుంకుతది.
పొయ్యిల కాల్చి రంగు తెచ్చినయున్నయి,
పగుళ్ళల్ల గాజు నింపినయున్నయి.
ఒకపాలి, లోపల నూగు తీర్గ మచ్చున్న రాయిని చూసి
"ఇది పుట్టింది, చేసింది కాదు" అని
నాయిన కండ్లకద్దుకున్నడు.
మచ్చలేనిదాన్ని నమ్మొద్దనేటోడు.
కొనేటోళ్ళు మాత్రం మచ్చలేనిదే అడుగుతరనీ
ఆ నోటితోనే అనేటోడు.

ఈదమ్మ రాయి తూకం బాగనే ఉన్నది.
భూతద్దంల చూస్తే లోపల పొగమంచు.
ఆమెనడిగే ఒక అంచున
ఉక్కు సూదితోని గీసిన.
గీత పడ్డది.
కెంపు మీద ఉక్కు గీత పడదు.

చెప్పబుద్ధి కాలే.
దొంగనోట్లు పట్టే లైటు కింద పెట్టిన,
ఇంకొంచెం సేపు గడుస్తదని.
కెంపైతే నిప్పు తీర్గ ఎర్రగ రాజుకునేది.
ఇది నీలంగ వెలిగింది,
చల్లగ,
రాత్రిపూట బిందెల తేటపడ్డ నీళ్ళ లెక్క.

అప్పుడు ఎరుకైంది.
దీని పేరు నాకు కాలేజీల చెప్పిండ్రు.
ఊర్లల్ల దీన్ని రాయిగ చూసినోళ్ళు తక్కువ,
నీళ్ళల్ల కరిగినంకనే మోసిండ్రు, తాగిండ్రు.
ఈదమ్మ పండ్ల మీద
ఆ గోధుమరంగు చారలు రాసింది ఇదే.
కుర్చీ చూపిస్తే
మోకాళ్ళు వంగయని నిలబడ్డది దీనివల్లనే.
ఇంత అందంగ ఉంటదనుకోలే.

"ఎంతొస్తది?"
"మెత్తది పెద్దమ్మా. ఉంగరంల ఆగదు.
సానపడ్తే పొరలు లేస్తది. ఏం రాదు."
అని ఆగి,
"మన నీళ్ళల్ల ఉంటది సూడు, ఫ్లోరైడు,
గా రాయి" అన్న.

ఈదమ్మ దాన్ని అరచేతిల తిప్పింది.
ముసలి వేళ్ళు పూర్తిగ ముడుచుకోలే,
రాయి జారబోయింది, పట్టుకున్నది.
"ఓ, నువ్వేనా" అన్నది దానితోని,
శానొద్దులకు కనబడ్డ చుట్టాన్ని
పలకరించినట్టు.

తిట్టలే. ఇసిరెయ్యలే.
కొంగుల కెల్లి పది రూపాల బిళ్ళ తీసి
బల్ల మీద పెట్టింది.
చూసినందుకు పైసలు తీసుకోనన్న.

"అందుకు కాదు.
ఇంకొకపాలి ఆ లైటెయ్యి."

షట్టరు సగం దించిన.